పిల్లలు చేశారు సార్

పోయిన నెలలో మేరీని రెంటచింతల సమాధుల తోటలో మట్టి చేశాం. అంతకుముందు చర్చిలో పూజ అయ్యాక, ఆమె పనిచేసిన బడి తాలూకు పెద్దమనిషి ఒకాయన మైకు ముందుకొచ్చి నాలుగు మంచి మాటలు చెప్పాడు. మేరీ టీచర్ లెక్కలు ఎంత ఓపిగ్గా చెప్పేదో చెప్పాడు. ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఆమె వినయానికి ఉదాహరణ అంటూ, "చదువుకునే రోజుల్లో కాలేజీలో ఏదో మిషను పొరపాటున కాల్చేసిందంట. అందరిలా బుకాయించకుండా, తప్పు నాదేనని రాసిచ్చిన తల్లి" అన్నాడు. జనం తలలూపారు. నాకు ఒళ్ళు భగ్గుమంది. లేచి అరవబోయాను. పక్కన కూర్చున్న మేరీ కూతురు నా మోచెయ్యి పట్టుకుంది. చావు దగ్గర గొడవెందుకని ఆ పూటకి ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. మేరీ ఏ మిషనూ కాల్చలేదు. నేనూ కాల్చలేదు. కాల్చినవాళ్ళు ఎవరో, కాల్చమన్నవాళ్ళు ఎవరో మా ఇద్దరికీ తెలుసు. ఇప్పుడిక నా ఒక్కదానికే తెలుసు. అందుకే రాస్తున్నాను.

మాది నరసరావుపేట. మా నాన్నకి, అంటే అబ్బాకి, మోటారు వైండింగ్ షాపు ఉండేది. షాపంటే మా ఇంటి ముందుగదే. ఊళ్ళల్లో బావుల మీద కాలిపోయిన మోటార్లన్నీ ఎడ్లబండ్ల మీదా బస్సు టాపుల మీదా మా వాకిట్లోకి వచ్చిపడేవి. కాలిన తీగ తవ్వి తీసేసి కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టేవాళ్ళు. ఆ వార్నిష్ వాసన మా ఇంటి వాసన. బట్టలకి, దిండ్లకి, పండగనాడు వండిన సేమ్యాకి కూడా అదే. చుట్టాలొస్తే ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు తెలిసేది కాదు. అబ్బా మాట మెత్తన. బేరం చెయ్యడం చేతకాదు. ఎవరన్నా గట్టిగా మాట్లాడితే సిగరెట్ తీసుకుని బయటికెళ్ళేవాడు. గట్టిగా మాట్లాడాల్సినవన్నీ అమ్మీ మాట్లాడేది. పొద్దున వంట కాగానే చీరకొంగు బిగించి ముందుగదిలోకొచ్చి, చుట్టే యంత్రం ముందు కూర్చుని, రైతులతో మాట్లాడుతూనే చుట్లు లెక్కపెట్టేది. మధ్యలో ఎవరన్నా "ఏందమ్మా, ఇంకా కాలేదా" అంటే చెయ్యాపి, "లెక్క తప్పించావుగా, ఇంకో గంట కూర్చో" అనేది. నిజానికి ఆమెకి లెక్క తప్పేది కాదు. తొందరపెట్టినవాణ్ణి కూర్చోబెట్టడం ఆమెకి సరదా.

ఆ ఇంట్లో పెరిగినదాన్ని గనక, ఊళ్ళో కొత్తగా పెట్టిన ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరతానంటే అబ్బా ఆశ్చర్యపోలేదు. మా క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. రెండోది రెంటచింతల నుంచి వచ్చిన మేరీ. తల్లి చిన్నప్పుడే పోయింది. నాన్న ఇన్నయ్య బాబాయికి కాస్త మెట్ట పొలం. ఆదివారం చర్చిలో పాటలు అందుకునేదీ, పిల్లలకి జపాలు నేర్పేదీ ఆయనే. పిల్లని హాస్టల్లో పెట్టి చదివించడం గురించి ఊళ్ళో ఎవరేమన్నా భయపడిపోయేవాడు. ఏ చిన్న మాటొచ్చినా మర్నాడే బస్సెక్కి కాలేజీ గేటు దగ్గర నిలబడేవాడు. "ఏం లేదు తల్లీ, ఊరికే చూసిపోదామనీ" అనేవాడు. మేరీ తల వంచుకుని ఆయన తెచ్చిన జొన్నరొట్టెల మూట అందుకునేది. ఆ మూటలో సగం నాది.

మా ల్యాబులో మైక్రోప్రాసెసర్ కిట్లు ఉండేవి. అరచెయ్యంత మీటల పలక, పైన ఎర్రగా వెలిగే ఆరు అంకెలు, అంతే. ప్రోగ్రాం అంటే ఆ మీటల మీద ఒక్కొక్క అంకె నొక్కుకుంటూ పోవాలి. గంటసేపు నొక్కి, ఇక నడిపిద్దామనుకునేసరికి కరెంటు పోయేది. కరెంటు పోతే కిట్టు అంతా మర్చిపోయేది. మళ్ళీ మొదటినుంచి. పల్నాడులో కరెంటు సంగతి చెప్పేదేముంది! క్లాసంతా ఆ కిట్ల ముందు కూర్చుని ఏడ్చేవాళ్ళం. మరోవైపు కాలేజీ వాళ్ళు ఒక కంప్యూటర్ కొని, ఏసీ గదిలో గుడ్డ కప్పి పెట్టారు. చెప్పులు బయట విడిచి, దణ్ణం పెట్టినంత పనిచేసి లోపలికెళ్ళాలి. ఆ కంప్యూటర్లో ప్రోగ్రాం దాచుకుని, అక్కణ్ణించి తీగ మీద కిట్టులోకి పంపగలిగితే ఎవరూ మళ్ళీ నొక్కక్కర్లేదు. దానికి కిట్టుకి సీరియల్ పోర్టు ఉండాలి. క్వారీలో మనుషులు వరసగా నిలబడి నాపరాళ్ళు చేతి నుంచి చేతికి అందించుకుంటారు చూడండి, అలా ఒక్కొక్క అక్షరాన్నీ ముక్కలు చేసి, ఒకే తీగ మీద ఒకదాని వెనక ఒకటి పంపే దారి అది. మా కిట్లకి ఆ దారి లేదు. మేము వేస్తామన్నాం. అదే మా చివరి ఏడాది ప్రాజెక్టు.

వేయించింది భాస్కర్ సార్. ఇది కూడా చెప్పాలి, ఎందుకంటే నా కోపం అక్కడే మొదలవుతుంది. చెడ్డవాడి మీద కోపం తేలిక, వచ్చిపోతుంది. భాస్కర్ సార్ మంచివాడు. మాకంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటాడేమో. టెంపరరీ లెక్చరర్. మగపిల్లలు మమ్మల్ని చూసి నవ్వితే వాళ్ళని బయటికి పంపేవాడు. ప్రాసెసర్ చిప్‌లోనే బయటికి పంపడానికి ఒక కాలు, లోపలికి తీసుకోవడానికి ఒక కాలు ఖాళీగా ఉన్నాయనీ, ఖరీదైన కార్డు కొనకుండా వాటితోనే సీరియల్ పోర్టు చెయ్యొచ్చనీ చూపించింది ఆయనే. బోర్డు మీద సుద్దముక్కతో పెద్ద గీత గీసి, "ఇటు కిట్టు, ఐదు వోల్టులు. అటు కంప్యూటర్ తీగ, పన్నెండు వోల్టులు. మధ్యలో ట్రాన్సిస్టర్ల బోర్డు లేకుండా ఈ రెంటినీ కలిపితే కిట్టు చస్తుంది. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి" అన్నాడు. ప్రిపరేషన్ సెలవుల్లో తన పూచీ మీద ఒక కిట్టు కూడా ఇచ్చాడు. దాన్ని తువ్వాలులో చుట్టి రేకు పెట్టెలో పెట్టుకుని, ఒళ్ళో పసిపిల్లలా పట్టుకుని, పిడుగురాళ్ళ, గురజాల మీదుగా రెంటచింతల వెళ్ళే బస్సెక్కాం.

రెంటచింతల ఎండ గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. గోడలకి ఆనుకోలేం. కుండలో నీళ్ళు కూడా వెచ్చబడతాయి. ఇన్నయ్య బాబాయి కిటికీలకి గోతాలు కట్టి, వాటి మీద చెంబులతో నీళ్ళు చల్లేవాడు. తెల్లారగట్ల చర్చి గంట కొట్టినప్పుడే లేచి, వసారాలో చాపేసుకుని పని మొదలుపెట్టేవాళ్ళం. బయట కల్లంలో ఎండబోసిన మిరపకాయల ఘాటు గాలితోపాటు వచ్చేది. తుమ్ముకుంటూ సోల్డరింగ్ చేసేవాళ్ళం. కంప్యూటర్ అక్కడ లేదుగా, అందుకని మేరీ ఒక ఉపాయం చేసింది. తీగ చివర చిన్న లైటు పెట్టి, ప్రోగ్రాం చానా నెమ్మదిగా నడిచేట్టు మార్చింది. లైటు వెలిగితే ఒకటి, ఆరితే సున్నా. చేతిలో జపమాల పట్టుకుని, వెలిగినప్పుడల్లా పూస జరుపుతూ అక్షరం చదివేది. వాళ్ళ నాన్న గుమ్మంలోంచి చూసి, కూతురికి భక్తి ముదిరిందనుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయేవాడు. మేము నోట్లో కొంగులు కుక్కుకుని నవ్వేవాళ్ళం. బోర్డుకి కావాల్సిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మేము బయల్దేరే ముందే అమ్మీ చుట్టింది. బజార్లో దొరికేదే, కానీ "నా ఇంట్లో తీగ పెట్టుకుని కొంటారంటే" అని కోప్పడి, మోటార్లన్నీ పక్కన పెట్టి చుట్టిచ్చింది. చూడ్డానికి అందంగా ఉండేది కాదు మా బోర్డు. పాత రేడియో చెక్క మీద నాలుగు ట్రాన్సిస్టర్లు, రంగురంగుల తీగలు, పక్కన అమ్మీ ట్రాన్స్‌ఫార్మర్. కానీ పనిచేసింది. కాలేజీకొచ్చి కంప్యూటర్‌కి కలిపినప్పుడు మొదట తెర మీద చెత్త అక్షరాలు వచ్చాయి. మేరీ వేగం లెక్క రెండుసార్లు సరిచేసింది. మూడోసారికి మేము పంపింది పంపినట్టు వచ్చింది. భాస్కర్ సార్ మా ఇద్దరికీ క్యాంటీన్‌లో టీ ఇప్పించాడు. "ఈ గదిలో ఇక ఎవరూ ఏడవరు" అన్నాడు.

తర్వాత వారమో పది రోజులో హైదరాబాదు నుంచి అధికారులు వచ్చారు. కాలేజీకి కొత్త కోర్సు ఇవ్వచ్చా లేదా అని చూడ్డానికి. మా కరస్పాండెంటు మిల్లు యజమాని. గంజి పెట్టిన తెల్లచొక్కా, చేతికి పెద్ద వాచీ. వాళ్ళకంటే ముందు తానొచ్చి ఏసీ గది చూసుకున్నాడు. టేబుల్ మీద మా బోర్డు చూసి మొహం చిట్లించాడు.

"ఏందయ్యా ఇది, పిచ్చుక గూడు? పెద్దమనుషుల ముందు ఈ చెత్త పెడతావా?"

"సార్, పిల్లల ప్రాజెక్టు సార్, ఇది మధ్యలో లేకపోతే..." అన్నాడు భాస్కర్ సార్.

"లేకపోతే ఏంది? కంప్యూటర్ ఉంది, కిట్టు ఉంది. నీటుగా ఒక్క వైరు పెట్టు. తీసెయ్ అవతల."

భాస్కర్ సార్ తీసేశాడు. అమ్మీ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా దాన్నంతా టేబుల్ కింద చెత్తబుట్ట పక్కన పెట్టాడు. కంప్యూటర్ నుంచి వచ్చే తీగని తిన్నగా కిట్టుకి తగిలించాడు. నేను గోడ దగ్గర్నుంచి, "సార్, వద్దు సార్, పన్నెండు వోల్టులు సార్" అన్నాను. ఆయన నావైపు చూశాడు. మర్చిపోయినవాడి చూపు కాదది. ఆ పాఠం మాకు చెప్పిందే ఆయన. బాగా తెలిసీ, నోరెత్తడానికి భయపడినవాడి చూపు. ఈలోపు అధికారులు లోపలికొచ్చారు. కరస్పాండెంటు చెయ్యి ఊపాడు. భాస్కర్ సార్ స్విచ్ వేశాడు. ఎర్ర అంకెలు ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయాయి. గదిలో కాలిన వాసన లేచింది. వైండింగ్ షాపులో పుట్టినదాన్ని, కాలిన వాసన నాకెవరూ చెప్పక్కర్లేదు.

"ఎవరు చేశారిది?" అన్నాడు కరస్పాండెంటు.

భాస్కర్ సార్ నేల చూశాడు. "పిల్లలు చేశారు సార్" అన్నాడు.

"అబద్ధం!" అని అరిచాను. అధికారులు నన్ను వింతగా చూశారు. కరస్పాండెంటు, "ఆడపిల్లల్ని కంప్యూటర్ రూములోకి ఎవడు రానిచ్చాడు? బయటికి పంపండి" అన్నాడు. నేను ఇంకా ఏదో అనబోతుంటే మేరీ నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

రెండు రోజులకి మా నాన్నల్ని పిలిపించారు. ఒక కాగితం టైపు చేయించి పెట్టారు. లెక్చరర్ మాట వినకుండా మేము కిట్టుని పాడుచేశామనీ, క్షమించమని వేడుకుంటున్నామనీ. సంతకం పెడితే హాల్ టికెట్. లేకపోతే లేదు. అబ్బా కాగితం అటూ ఇటూ తిప్పి, జేబులో సిగరెట్ కోసం వెతుక్కున్నాడు. ఇన్నయ్య బాబాయి కాగితం మేరీ ముందుకి జరిపాడు. "పెట్టెయ్యి తల్లీ. ఊళ్ళో తెలిస్తే ఏమన్నా ఉందా? పరీక్ష రాసి బయటపడు" అన్నాడు. మేరీ నా వైపు చూడలేదు. తన పెన్ను తీసి సంతకం పెట్టింది. నేను రేపు చెబుతానని ఇంటికొచ్చాను. అమ్మీ చుట్టే యంత్రం ముందు కూర్చుని మొత్తం విన్నది. "పెట్టమాక" అంది. "చెయ్యని తప్పుకి సంతకం పెడితే, రేపు చేసిన పని కూడా నాదని చెప్పుకోలేవు." ఏడాది పోతుందే అన్నాడు అబ్బా. "పోనీ" అంది. ఆ రోజు ఆమె చుట్టిన కాయిల్ మళ్ళీ విప్పి చుట్టాల్సి వచ్చింది. నేను చూడగా ఆమెకి లెక్క తప్పింది ఆ ఒక్కరోజే.

నాకు హాల్ టికెట్ ఇవ్వలేదు, సీటు కూడా తీసేశారు. పరీక్షల రోజుల్లో ఒకనాడు బస్టాండులో భాస్కర్ సార్ కనిపించాడు. తప్పించుకుపోబోతే అడ్డం నిలబడ్డాను.

"నా సంగతి కూడా అర్థం చేసుకో జుబేదా" అన్నాడు. "నేను టెంపరరీని. ఒక్క మాటంటే ఇంటికి పంపుతారు."

"మేము పర్మనెంటా సార్?" అన్నాను.

ఆయన బస్సెక్కిపోయాడు. ఆ ఎండాకాలంలోనే ఎక్కడో ఉద్యోగం వచ్చి ఊరు విడిచాడు. మళ్ళీ నేను చూడలేదు. ఒకవేళ ఇది చదివితే, సార్, ఆ టీ రుచి నాకింకా గుర్తుంది. అందుకే క్షమించలేకపోతున్నాను.

ఆ ఎండల్లోనే కాలేజీ హాస్టల్ బోరు మోటారు కాలిపోయింది. తెచ్చి మా వాకిట్లో పడేశారు. మాకూ వాళ్ళకీ గొడవన్న సంగతి తెచ్చిన కూలీలకేం తెలుసు! అబ్బా దాన్ని విప్పి, కాలిన తీగంతా తవ్వి తీశాడు. అక్కడికి అమ్మీ ఆపించింది. మూడు రోజులు చూసి హాస్టల్ మేనేజరు వచ్చాడు. హాస్టల్లో నీళ్ళు లేవు, పిల్లలు గొడవ చేస్తున్నారు. అమ్మీ మోటారు మీద కాలు పెట్టుకుని కూర్చుంది. "మీ మోటారు నా ఇంట్లో ఉంది. నా పిల్ల సీటు ఎక్కడుందో మీ సారుని అడిగి రా" అంది. "ఇదేందమ్మా, బెదిరింపా?" అన్నాడు మేనేజరు. "మీరు కాగితం పెట్టి అడిగారు, నేను మోటారు పెట్టి అడుగుతున్నా" అంది. సాయంత్రానికి, చివరి ఏడాది మళ్ళీ చదువుకోవచ్చని కబురొచ్చింది. సంతకం ఊసు లేదు. అబ్బా రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని మోటారు చుట్టిచ్చాడు.

మరుసటి ఏడాది ఒక్కదాన్నే కూర్చుని అదే బోర్డు మళ్ళీ చేశాను. పాసయ్యాను. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఈమధ్య మా ఊరి ఇంజనీరింగ్ కాలేజీకి ఏదో సభకి పిలిస్తే వెళ్ళాను. ల్యాబులో సగానికి సగం ఆడపిల్లలు. అగ్గిపెట్టెలో పట్టే బోర్డులు. సన్నటి కేబుల్ తగిలిస్తే చాలు, ప్రోగ్రాం లోపలికి పోతుంది. మేము చెక్క మీద పేర్చిందంతా ఇప్పుడు గోరంత చిప్‌లో ఉంటుంది. సంతోషించాను. ఆ సంతోషంలోనే ఒక బోర్డు పనిచెయ్యక ఆగిపోతే, పక్కనున్న లెక్చరర్ నవ్వుతూ నాతో, "పిల్లలు ఏదో చేసుంటారు మేడమ్" అన్నాడు. ఆ బోర్డు ముందు నిలబడ్డ పిల్ల మొహం చూశాను. చిప్‌లు మారాయి. ఆ మాట మారలేదు. "చూసి మాట్లాడు నాయనా" అన్నాను. సభలో నన్ను పొగిడిన మాటలేవీ గుర్తులేవు, ఆయన నవ్వు మాయమవడం మాత్రం గుర్తుంది.

ఇక మేరీ సంగతి. నేను పాసయిన వేసవిలో ఆ కబురు చెబుదామని రెంటచింతల వెళ్ళాను. అప్పటికి ఏడాదిగా మా మధ్య ఉత్తరం ముక్క లేదు. మిట్టమధ్యాహ్నం. మేరీ వసారాలో కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని తీయడం మొదలుపెట్టాను.

"పాసయ్యానే" అన్నాను.

"తెలుసు. పేపర్లో నంబరు చూశా." ఇంకో కాయ తొడిమ తీసి, "నన్నొక్క మాటా అనవేంది?" అంది.

"నిన్నెందుకంటానే? మీ నాన్న పెట్టమన్నాడు, పెట్టావు. నువ్వేం చేస్తావు, పాపం."

మేరీ చేతిలో మిరపకాయలు చేటలోకి విసిరికొట్టింది. "పాపం అనమాక! ఆ సంతకం మా నాన్న పెట్టలేదు, నేను పెట్టా. భాస్కర్ సార్‌ని తిట్టావంట. కరస్పాండెంటుని ఊరూవాడా తిట్టావంట. నన్ను మాత్రం పాపం అంటావా? బోర్డులో సగం నాదన్నావు. ఈ తప్పులో సగం నాది కాదా? నేను మనిషిని కానా?"

అప్పుడు నాలో ఏడాదిగా కుక్కిపెట్టిందంతా బయటికొచ్చింది. "అవునే, పెట్టావు! నా వైపు చూడనైనా చూడకుండా పెట్టావు! నువ్వు పెట్టావు గనకే నేను అబద్ధాలకోరునయ్యా! క్లాసంతా పరీక్ష రాస్తుంటే నేను వాకిట్లో మోటార్లు తుడిచా!" అని అరిచాను. ఆమె లేచి నిలబడి నాకంటే గట్టిగా అరిచింది. "పెట్టకపోతే మా నాన్న నన్ను మళ్ళీ బస్సెక్కించేవాడా? నీకు మీ అమ్మ ఉంది, పెట్టమాక అనడానికి! నాకెవరున్నారు? పెట్టిన రోజు నుంచి ఆ పెన్ను ముట్టుకోలేదు నేను!" ఇద్దరికీ కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. మిరప చేతులతో తుడుచుకుని ఇంకా మండించుకుంటున్నాం. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు.

ఇన్నయ్య బాబాయి పరుగెత్తుకొచ్చాడు. "ఏంది తల్లీ, ఏందమ్మా జుబేదా, కొట్టుకుంటున్నారా?"

"లేదు నాన్నా" అంది మేరీ రొప్పుతూ. "మాట్లాడుకుంటున్నాం."

ఆయనకేమీ అర్థం కాలేదు. లోపలికెళ్ళి పెద్ద చెంబుతో మజ్జిగ తెచ్చి, మా ఇద్దరి మధ్యా పెట్టి వెళ్ళిపోయాడు. ఇద్దరికీ గొంతులు ఆరిపోయి ఉన్నాయి. ముందు నువ్వు తాగంటే నువ్వు తాగని, దానికీ కాసేపు పోట్లాడుకున్నాం.